ఫ్రైబుర్గ్ నుంచి గంట దూరంలో

యూరప్‌కి చదువుకోవడానికి వచ్చినవాళ్లలో చాలామంది ఫోన్లలో ఒక లిస్టు ఉంటుంది. పారిస్, ప్రాగ్, ఆమ్‌స్టర్‌డామ్, వెనిస్. మా హాస్టల్ కిచెన్‌లో శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరు చపాతీలు చుట్టి బ్యాగులో పెట్టుకుని రాత్రి బస్సుకి పరిగెడుతూ కనిపిస్తారు. ఆదివారం అర్ధరాత్రికి తిరిగొచ్చి, సోమవారం ఎనిమిదింటి ల్యాబ్‌లో కళ్లు నులుముకుంటూ కూర్చుంటారు. ఆ ఊళ్లు అందమైనవే, చూడాల్సినవే. వాటి గురించి రాసినవాళ్లు కూడా బోలెడుమంది ఉన్నారు. నేను రాయాలనుకున్నది ఇంకో రకం తిరుగుడు గురించి. ఊరి పేరు చూసి కాకుండా తేదీ చూసి రైలెక్కడం. ఏ ఊళ్లో, ఏ రోజున, అక్కడి జనం తమ కోసం తాము పండగ చేసుకుంటారో తెలుసుకుని ఆ రోజుకి అక్కడుండటం.

ఈఫిల్ టవర్ ఈ వారం కాకపోతే పై వారం చూడొచ్చు. బ్లాక్ ఫారెస్ట్‌లో ఒక లోయ చివరి ఊరు దివిటీలు పట్టుకుని వీధుల్లోకి వచ్చేది మాత్రం ఏడాదికి ఒక్క రాత్రే. ఆ రాత్రి దాటిపోతే మళ్లీ ఏడాది ఆగాలి, అప్పటికి మన వీసా ఎక్కడుంటుందో, ఉద్యోగం ఎక్కడొస్తుందో ఎవరికి తెలుసు?

నేను చదివేది ఫ్రైబుర్గ్‌లో. జర్మనీ మ్యాపులో కింద ఎడమ మూలన ఉంటుంది. తూర్పున బ్లాక్ ఫారెస్ట్ కొండలు, పడమర రైన్ నది, నది దాటితే ఫ్రాన్స్. దక్షిణానికి రైలెక్కితే గంట అటూ ఇటుగా స్విట్జర్లాండ్‌లోని బాసెల్. ఇంత చిన్న చుట్టుకొలతలో మూడు దేశాల పండగలున్నాయంటే వాటిని వదులుకోవడం నాకు నిజంగా బాధగా అనిపిస్తుంది. పైగా ఖర్చు పెద్దగా లేదు. డాయిచ్‌లాండ్ టికెట్ 2023 మేలో నెలకు 49 యూరోలతో మొదలైంది, 2025లో 58 అయింది. దాంతో దేశమంతా రీజినల్ రైళ్లు, ట్రామ్‌లు, సిటీ బస్సులు ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు. ఐసీఈ లాంటి స్పీడు రైళ్లు మాత్రం కుదరవు. మా బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో 27 ఏళ్లలోపు విద్యార్థులకి ఇంకా తక్కువకే ఇస్తారు. వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచే బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకు వచ్చే 992 యూరోల్లో అద్దె, ఇన్సూరెన్స్, సరుకులు పోను మిగిలేది ఎంతో ఇక్కడ చదివే అందరికీ తెలుసు. కాలేజీకి వెళ్లడానికి ఎలాగూ కొనే టికెట్‌తోనే పండగకీ వెళ్లగలగడం ఎంత ఊరటో చెప్పలేను. శనివారాలు నాకు బేకరీలో షిఫ్ట్ ఉంటుంది. కాబట్టి నా వారాంతం అంటే శనివారం మధ్యాహ్నం నుంచి సోమవారం పొద్దున దాకా.

ఇక్కడి పండగల్లో సగం ఈస్టర్ చుట్టూ తిరుగుతాయి. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి, ఆ పున్నమి దాటాక వచ్చే ఆదివారం ఈస్టర్. అక్కడి నుంచి 46 రోజులు వెనక్కి లెక్కేస్తే భస్మ బుధవారం, అంటే లెంట్ ఉపవాసాలు మొదలయ్యే రోజు. దానికి ముందు వారమంతా కార్నివాల్. ఈస్టర్ నుంచి 60 రోజులు ముందుకి లెక్కేస్తే ఫ్రోన్‌లైఖ్నామ్ అనే కాథలిక్ పండగ సెలవు. నేను సెమిస్టర్ మొదట్లోనే ఈస్టర్ తేదీ చూసి గోడ క్యాలెండర్ మీద ఇవన్నీ రాసేసుకుంటాను, పక్కనే పరీక్షలు కూడా. చలికాలం సెమిస్టర్ పరీక్షలు సరిగ్గా ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే వస్తాయి, కార్నివాలూ అప్పుడే. ఆ రెండు నెలలూ టెన్షన్, సంబరం కలిసే నడుస్తాయి.

కార్నివాల్ అనగానే అందరూ కొలోన్ పేరు చెబుతారు. మా వైపు దాన్ని ఫాస్నెట్ అంటారు, దాని తీరే వేరు. కొలోన్‌లో ఎవరికి నచ్చిన వేషం వాళ్లు వేసుకుంటారు. ఇక్కడ వేషం మనిషిది కాదు, ఊరిది. ప్రతి ఊరికీ తనదైన చెక్క ముసుగు, తనదైన దుస్తులు ఉంటాయి. తాతల నుంచి మనవల దాకా అదే ముసుగు చేతులు మారుతూ వస్తుంది. కొలోన్‌లో సీజన్ నవంబరు 11న, 11 గంటల 11 నిమిషాలకి మొదలవుతుంది. ఇక్కడ జనవరి 6న అటక మీద నుంచి ముసుగులు దింపి దుమ్ము దులపడంతో మొదలవుతుంది.

మా ల్యాబ్‌లో నా పక్క టేబుల్ అబ్బాయిది ఎల్జాఖ్. ఫ్రైబుర్గ్‌లో లోకల్ రైలెక్కితే ఎల్జ్ నది వెంట లోయలోకి తీసుకెళ్లి చివరి స్టేషన్‌లో దింపుతుంది, అదే వాళ్ల ఊరు. ఏడాది పొడుగునా నెమ్మదిగా, ఆచితూచి మాట్లాడే మనిషి. జనవరి దాటేసరికి కళ్లలో వెలుగు మారిపోయింది. "ఫాస్నెట్ ఆదివారం మా ఊరు రా. నేను నిన్ను పట్టుకుంటాను. నువ్వు మాత్రం నన్ను గుర్తుపట్టలేవు," అన్నాడు.

ఎల్జాఖ్ వేషం పేరు షుట్టిగ్. ఒంటి నిండా ఎర్రటి ఫెల్ట్ పీలికలు, మొహానికి చెక్క ముసుగు, తల మీద మూడు మూలల గడ్డి టోపీ, టోపీ నిండా కుట్టిన నత్త గుల్లలు. చేతిలో ఊదిన పంది మూత్రాశయం కట్టిన కర్ర. దాన్ని నేలకేసి కొడితే వచ్చే దబ్బుదబ్బు శబ్దం ఒక వీధి అవతల నుంచే వినిపిస్తుంది. వందల కొద్దీ షుట్టిగ్‌లు "త్రల్లహో" అని అరుస్తూ గెంతుకుంటూ వస్తుంటే మొదట నిజంగానే భయం వేసింది. చుట్టూ ఉన్న చిన్నపిల్లలు నాకంటే ధైర్యంగా ఎదురెళ్లి జుట్టు చెరిపించుకుంటున్నారు. సాయంత్రం చీకటి పడ్డాక దివిటీల ఊరేగింపు. ఎర్ర బట్టల మీద మంట వెలుగు కదులుతుంటే చెక్క మొహాలకి కదలిక వచ్చినట్టుంది.

ముసుగు జనం ముందు తియ్యకూడదు, గొంతు కూడా మార్చి మాట్లాడాలి. అది అక్కడి పద్ధతి. జనంలో నిలబడి ఉండగా ఒక షుట్టిగ్ నా ముందు ఆగి, ఆ కర్రతో నా భుజం మీద మెల్లగా తట్టి, కీచు గొంతుతో "సోల్డరింగ్ ఐరన్ ఆపి వచ్చావా?" అని అడిగి వెళ్లిపోయింది. తర్వాత వారం ల్యాబ్‌లో అతన్ని అడిగాను. "ఎవరో నాకేం తెలుసు," అన్నాడు. ఎంత అడిగినా అదే మాట. ఆ రోజు నుంచి ఆ లోయ నాకు పరాయి చోటుగా లేదు. నన్ను పేరుపెట్టి ఎవరూ పిలవలేదు, అయినా ఆ వేల మందిలో ఒకరికి నేనెవరో తెలుసు.

ఇక అసలు చెప్పాలనుకున్న రాత్రి గురించి. భస్మ బుధవారంతో జర్మనీలో కార్నివాల్ అయిపోతుంది. కానీ మా మూలన ఇంకో నాలుగు రోజులు ఆగితే, ఆ ఆదివారం రాత్రి కొండల మీద నిప్పు బిళ్లలు ఎగరేస్తారు. అది ముగిసిన కొన్ని గంటలకే, సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి బాసెల్ మేలుకుంటుంది. ఈ రెండూ ఒకే రైలు దారి మీద ఉన్నాయి. 2025లో అవి మార్చి 9, 10 తేదీల్లో పడ్డాయి. పరీక్షలు అయిపోయాయి, సోమవారం ఎక్కడా ఉండాల్సిన పని లేదు.

నిప్పు బిళ్లల ఆటని షైబెన్‌ష్లాగెన్ అంటారు. ఫ్రైబుర్గ్, బాసెల్ మధ్య మార్క్‌గ్రేఫ్లర్‌లాండ్ అని ద్రాక్ష తోటల ప్రాంతం ఉంది. బేకరీలో నాతో పనిచేసే ఆంటీ వాళ్లది అక్కడి ఒక చిన్న ఊరు, ఆవిడే రమ్మంది. ఊరి పైనున్న కొండ మీద ఎత్తుగా కట్టెలు పేర్చారు. జనవరిలో ఇళ్లలోంచి పోగు చేసిన క్రిస్మస్ చెట్లు కూడా అందులో ఉన్నాయి. చీకటి పడగానే అంటించారు. ఎండిన క్రిస్మస్ చెట్టు అంటుకుంటే ఎంత చిటపటలాడుతుందో ఆ రోజే చూశాను.

అరచేతిలో పట్టేంత చెక్క బిళ్ల, మధ్యలో కన్నం, అంచులు పలచగా చెక్కి ఉంటాయి. దాన్ని పొడవాటి కర్ర కొసకి గుచ్చి, అంచు ఎర్రగా కణకణలాడే దాకా మంటలో పెడతారు. తర్వాత కర్రని తల చుట్టూ తిప్పి, ఏటవాలుగా పెట్టిన ఒక బల్ల మీద గట్టిగా కొడతారు. బిళ్ల కర్ర నుంచి ఊడి, చీకట్లో ఎర్రటి గీత గీస్తూ లోయలోకి ఎగిరిపోతుంది. కొట్టే ముందు "షీబి షీబో" అంటూ ఒక పాత పాట అందుకోవాలి, ఈ బిళ్ల ఎవరికి పోవాలి అని అడుగుతూ. ఆ తర్వాత ఒకరి పేరు చెప్పాలి. ఒక కుర్రాడు తన ప్రేయసి పేరు గట్టిగా అరిచాడు, కొండంతా ఈలలు. ఒక చిన్నది వాళ్ల టీచర్ పేరు చెప్పింది. ఒక పెద్దాయన ఎవరి పేరో చాలా మెల్లగా అన్నాడు, ఆయన పక్కనున్నవాళ్లు టోపీలు తీశారు.

ఈ ఆట ఎంత పాతదో తెలియడానికి ఒక అగ్నిప్రమాదమే ఆధారం. 1090 మార్చి 21న లోర్ష్ అనే చోట ఒక పెద్ద మఠం తగలబడింది. ఇలాగే ఎగరేసిన నిప్పు బిళ్ల దాని కప్పు మీద పడిందని అప్పటి రాతల్లో ఉంది. తొమ్మిది వందల ఏళ్లు దాటింది. ఇప్పుడు ఊరి ఫైర్ వాలంటీర్లు కొండ కింద బండి పెట్టుకుని నిలబడతారు, వాళ్ల పేరు మీద కూడా బిళ్లలు ఎగురుతాయి.

బేకరీ ఆంటీ కర్ర తెచ్చి నా చేతిలో పెట్టింది. "మణికట్టు కాదు, భుజం తిప్పు. ఎవరి పేరు మీద?" అని అడిగింది. అమ్మ పేరు మీద అన్నాను. "అయితే పేరు గట్టిగా చెప్పు, దూరం వెళ్లాలి కదా!" అంది. ఆ కొండ మీద, తెలుగు అక్షరం ఎవరికీ తెలియని ఆ జనం మధ్య, గొంతెత్తి మా అమ్మ పేరు అరిచాను. బిళ్ల ఎగిరింది. అక్కడున్న పిల్లలు కొట్టినంత దూరం పోలేదు కానీ చక్కగా ఎగిరింది, అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది. అప్పటికి ఇంటి దగ్గర అర్ధరాత్రి దాటింది కాబట్టి ఫోన్ చెయ్యకుండా వీడియో పంపాను. వేడి వేడి ఫాస్నెట్‌క్యూఖ్లెలు, నూనెలో వేయించి చక్కెర చల్లిన పిండివంట, రెండు కాగితంలో చుట్టి ఇచ్చింది ఆంటీ. అవి పట్టుకుని స్టేషన్‌కి దిగాను.

బాసెల్ బాడిషర్ బాన్‌హోఫ్ ఒక వింత స్టేషన్. ఉన్నది స్విట్జర్లాండ్ నేల మీద, నడిపేది జర్మన్ రైల్వే. డాయిచ్‌లాండ్ టికెట్ అక్కడి దాకా చెల్లుతుంది. బయటికొచ్చి స్విస్ ట్రామ్ ఎక్కితే వేరే టికెట్ కొనాలి, నడిస్తే రైన్ మీది మిట్లెరె బ్రిడ్జికి అరగంటలోపే. ఇక్కడ రెండు విషయాలు చెప్పాలి. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ అసలువే వెంట ఉండాలి, ఫోన్‌లో ఫోటో చాలదు. ఈ సరిహద్దులో 2023 అక్టోబరు నుంచి చెకింగ్ ఉంది, నన్నూ అడిగారు. రెండోది, యూరోపియన్ యూనియన్ లోపల చెల్లే ఫ్రీ రోమింగ్‌లో స్విట్జర్లాండ్ లేదు. కొన్ని జర్మన్ సిమ్‌లకి అక్కడ డేటా వాడితే బిల్లు విడిగా పడుతుంది. రైలు సరిహద్దు దాటకముందే డేటా ఆపెయ్యండి. ఆఫ్‌లైన్ మ్యాప్ ముందే దించి పెట్టుకోండి.

ఆ రాత్రి బాసెల్ పాత ఊళ్లో హోటళ్లు మూతపడవు. అందరూ తినేది మూడే: వేయించిన పిండితో చేసే మేల్‌సూప్, ఉల్లిపాయల టార్ట్, చీజ్ టార్ట్. సూప్‌లో చాలాచోట్ల బీఫ్ స్టాక్ వాడతారు, ఉల్లిపాయల టార్ట్‌లో పంది మాంసం ముక్కలు ఉండొచ్చు. తినని వాళ్లు చీజ్ టార్ట్ అడగడం మేలు. పిండిని ముదురు గోధుమ రంగు వచ్చేదాకా ఓపిగ్గా వేయిస్తారు కాబట్టి ఆ సూప్ వాసన వీధంతా ఉంటుంది. ఒక మూల బల్ల దొరికింది. అక్కడి వైఫైలో ఫోన్ తెరిస్తే అమ్మ రిప్లై. ఇంటి దగ్గర అప్పుడే తెల్లారింది. "అంత మంట దగ్గర నిలబడ్డావేంటే, నిప్పురవ్వలు జుట్టుకి అంటుకోలేదు కదా? నా పేరు బాగా పలికావు," అని రాసింది.

మూడున్నరకి మార్క్‌ట్‌ప్లాట్స్‌లో ఎర్ర టౌన్‌హాల్ ముందు కాలు కదపడానికి చోటు లేదు. చర్చి గంట నాలుగు కొట్టడం మొదలుపెట్టగానే ఊళ్లో వీధి దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. దుకాణాల అద్దాలు కూడా చీకటి. ఆ జనంలోంచి ఒక్క ఊపిరి వచ్చింది. వెంటనే ఊరి అన్ని మూలల నుంచి ఒకే ఆజ్ఞ, "మోర్గెష్ట్రైఖ్, ఫోర్వెర్ట్స్, మార్ష్!" ఆ తర్వాత వందల డ్రమ్ములు, పిక్కొలోలు అనే చిన్న వేణువులు వందలు, అన్నీ అదే పాట. మనిషి కంటే ఎత్తైన, రంగులేసిన లాంతర్లు నలుగురు భుజాల మీద ఊగుతూ వచ్చాయి. వాయించే ప్రతి ఒక్కరి తల మీదా ఒక చిన్న లాంతరు. వెలుగంటూ ఉన్నది అంతే.

నేను ఇంత పెద్ద జనం ఇంత శ్రద్ధగా ఉండటం ఎక్కడా చూడలేదు. ఎవరూ కేకలు వెయ్యరు, తోసుకోరు. వాయించే బృందాన్ని క్లీక్ అంటారు. నడక చాలా నెమ్మది, డ్రమ్ము దెబ్బకి ఒక అడుగు. నచ్చిన క్లీక్ వెనక ఎవరైనా నడవొచ్చు. నేనూ ఒకదాని వెనక పడ్డాను. చౌరస్తాలు వదిలేసి సన్నటి సందుల్లోకి తిరిగింది. రెండు పక్కలా రాతి గోడలు, మధ్యలో ఆ పిక్కొలోల శబ్దం ఛాతీలోకి దిగుతుంది. ఎంతసేపు నడిచానో చూసుకోలేదు. తెల్లగా వెలుతురు వచ్చేసరికి ఊరి పై భాగాన, కాథెడ్రల్ దగ్గర ఉన్నాను.

బాసెల్ పద్ధతులు తెలిసి వెళ్లాలి. చూసేవాళ్లు వేషం వెయ్యరు, మొహానికి రంగు పూసుకోరు. వేషం వాయించేవాళ్లది మాత్రమే. ఫోటోలకి ఫ్లాష్ వాడకూడదు, వాడితే ఆ చీకటి పాడవుతుంది. బ్లాగెడె అనే బ్యాడ్జి కొని కోటుకి పెట్టుకోవడం మర్యాద, ఆ డబ్బు క్లీక్‌ల ఖర్చులకి వెళ్తుంది. రంగు కాగితం ముక్కలు చల్లుతారు, వాటిని రెప్లి అంటారు. ఒక సంచిలో ఒకే రంగు ఉండాలి. రంగులు కలిసి ఉంటే కింద పడినవి ఏరి మళ్లీ అమ్మారని అర్థం. ఈ పండగ సరిగ్గా 72 గంటలు, గురువారం తెల్లవారుజాము నాలుగు దాకా. 2017లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. మిగతా అందరికంటే వారం ఆలస్యంగా ఎందుకంటే, 1091లో బెనెవెంటో చర్చి సభ ఆదివారాలని ఉపవాసం లెక్కలోంచి తీసేసి భస్మ బుధవారం ముందే వచ్చేలా జరిపిందని, బాసెల్ మాత్రం పాత తేదీనే పట్టుకుందని అక్కడివాళ్లు చెబుతారు. 1529 నుంచి ప్రొటెస్టెంట్ ఊరు అయినా, ఉపవాసాలు పోయినా, పండగని మాత్రం వదల్లేదు. అది నాకు చాలా నచ్చింది.

క్రిస్మస్ మార్కెట్ల గురించి అందరూ అడుగుతారు కాబట్టి కొంచెం. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో 1570 నుంచి జరుగుతోంది. ఫ్రైబుర్గ్ నుంచి ఓఫెన్‌బుర్గ్ మీదుగా కేల్ దాకా మన టికెట్‌తోనే వెళ్లి, అక్కడి నుంచి రైన్ దాటే ట్రామ్‌కి వేరే టికెట్ తీసుకోవాలి. 2017లో ఆ ట్రామ్ కేల్ స్టేషన్ దాకా వచ్చాక ఈ దారి సులువైంది. డిసెంబరు శనివారాల్లో అక్కడ నడవడం కష్టం, వీలైతే మామూలు రోజు సాయంత్రం వెళ్లండి. ఫ్రాన్స్‌లోనే ఉన్న కోల్మార్‌కి అయితే బ్రైసాఖ్ నుంచి బస్సు ఉంది. అక్కడ రైన్ మీది రైలు వంతెన రెండో ప్రపంచ యుద్ధంలో కూలిపోయింది, మళ్లీ కట్టలేదు. నిజం చెప్పాలంటే నాకు మార్కెట్ల కంటే నవంబరులో మా వీధి పిల్లలు చేసే సెయింట్ మార్టిన్ లాంతర్ల నడకే ఎక్కువ ఇష్టం. ముందు గుర్రం మీద ఎర్ర అంగీ మనిషి, వెనక తాము చేసిన కాగితం లాంతర్లతో పిల్లలు, ఆఖర్న ఒక మంట. ఎవరూ ఎక్కడి నుంచీ రైలెక్కి రారు దీనికోసం.

అసలు క్రిస్మస్ రోజు మాత్రం కొత్తగా వచ్చినవాళ్లు సిద్ధపడి ఉండాలి. డిసెంబరు 24 మధ్యాహ్నం నుంచి షాపులు మూత, 25, 26 సెలవులు. హాస్టల్ ఖాళీ అయిపోతుంది. అది ఇంట్లో తలుపులు వేసుకుని చేసుకునే పండగ. సరుకులు ముందే తెచ్చుకోండి, మిగిలిన నలుగురూ కలిసి వండుకోండి, రాత్రి చర్చిలో జరిగే ప్రార్థనకి వెళ్లండి. ఎవరినైనా రానిస్తారు, వెనక బెంచీలో కూర్చున్నా ఆ ఆర్గన్ సంగీతం చాలు.

మే చివర్లోనో జూన్‌లోనో ఫ్రోన్‌లైఖ్నామ్. ఎప్పుడూ గురువారమే వస్తుంది, మా రాష్ట్రంలో సెలవు. శుక్రవారం కూడా చాలామంది సెలవు పెట్టుకుంటారు, దాంతో నాలుగు రోజులు కలిసొస్తాయి. హాస్టల్లో అందరూ ఇటలీ వైపు వెళ్తుంటే నేను మొదటి రైలుకి హ్యూఫింగెన్ వెళ్లాను. బ్లాక్ ఫారెస్ట్ అవతల, దొనావెషింగెన్ పక్కన చిన్న ఊరు. ఆ పొద్దున పాత ఊరి వీధుల మధ్యలో పొడుగ్గా పూల తివాచీ పరుస్తారు. ముందు సుద్దతో గీతలు గీసి, లోపల రేకులు, ఆకులు, గడ్డి నింపుతారు. పావురం, గొర్రెపిల్ల, పానపాత్ర. గాలికి చెదరకుండా మీద నీళ్లు చల్లుతారు. ప్రార్థన అయ్యాక ఊరేగింపు దాని మీదుగానే వెళ్తుంది.

నేను చేరేసరికి పని ఇంకా సాగుతోంది. ఒక ఇంటి ముందు నిలబడి చూస్తుంటే అక్కడ మోకాళ్ల మీద కూర్చున్న పెద్దావిడ తలెత్తి, పసుపు రేకుల బుట్ట నా వైపు జరిపి, అంచు చూపించింది. కూర్చున్నాను. బొటనవేలు, చూపుడువేలు మధ్య రేకులు పట్టుకుని గీత వెంట వదులుతూ పోయాను. ముగ్గు వేసే చేతికి ఇది కొత్త పని కాదు. ఆవిడ కాసేపు చూసి, పక్కింటావిడని పిలిచి నా చేయి చూపించింది. ఇద్దరూ నాకు ఇంకో రెండు మూరల అంచు అప్పజెప్పారు. అది పూర్తయ్యాక లోపలికి పిలిచి కాఫీ, చెర్రీ కేక్ పెట్టారు. సంక్రాంతికి మేం వాకిట్లో వేసే వాటి ఫోటోలు ఫోన్‌లో చూపించాను. చుక్కలు పెట్టి వాటిని కలపడం ఎలాగో అడిగితే, బల్ల మీద చక్కెర పోసి చేసి చూపించాను. పద్ధతి వెంటనే పట్టేసింది ఆవిడ.

ఇది రాస్తున్నది 2025లో. వచ్చే ఏడాది ఈస్టర్ ఏప్రిల్ 5. అంటే రాట్‌వైల్ అనే ఊళ్లో నారెన్‌స్ప్రుంగ్ అనే ఫాస్నెట్ ఊరేగింపు 2026 ఫిబ్రవరి 16, సోమవారం, పొద్దున ఎనిమిదింటికి. పాత ఊరి నల్ల గేటు లోంచి చెక్క ముసుగుల వాళ్లు ఒకరి వెనక ఒకరు గెంతుతూ బయటికి వస్తారు. ఫెడెరాహన్నెస్ అనే వేషం పొడవాటి కర్ర ఊతంగా గాల్లోకి ఎగురుతుంది. ఆ వేళకి ఫ్రైబుర్గ్ నుంచి చేరడం కష్టం కాబట్టి ముందు రాత్రే వెళ్లాలి. ఫిల్లింగెన్‌లో చదువుతున్న ఒక సీనియర్ అక్క తన గదిలో పడుకోమంది, తనూ వస్తానంది. బాసెల్ ఫిబ్రవరి 23న. పరీక్షల తేదీలు ఇంకా రాలేదు. రెండిట్లో ఒకటే కుదిరేలా ఉంటే ఈసారి రాట్‌వైల్‌కే వెళ్తాను, అది నేనింకా చూడలేదు. మీలో ఎవరైనా ఆ వైపు ఉంటే ఏడున్నరకల్లా గేటు దగ్గరికి వచ్చెయ్యండి. ఎనిమిదికి వస్తే ముందు వరసలో చోటు ఉండదట.